చెరువును మోసుకెళ్లలేం



1719 వేసవిలో లండన్ వీధుల్లో పెద్ద అల్లరి జరిగింది. పట్టు, ఉన్ని నేసే కార్మికులు గుంపులుగా తిరుగుతూ, పువ్వుల అద్దకం గుడ్డలు తొడుక్కున్న ఆడవాళ్లు ఎదురైతే ఒంటిమీదే ఆ బట్టలు చించేశారు. కొందరి మీద సిరా చల్లారు. ఆ గుడ్డలు మన దేశం నుంచి వెళ్లినవి. మచిలీపట్నం పరిసరాల్లో అద్దినవీ వాటిలో ఉండేవి. ఆ నేతగాళ్ల కోపాన్ని ఉత్త మూర్ఖత్వమని తీసిపారేయలేం. మగ్గం ఆగితే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదు. పార్లమెంటు వాళ్ల గోడు విన్నది. విదేశీ అద్దకాల వాడకం మీద 1701 నుంచే నిషేధం ఉండగా, 1721లో మరింత కఠినమైన చట్టం చేసి, అద్దకం నూలు గుడ్డలు ఒంటిమీద వేసుకోవడమే దాదాపు నేరం చేసింది.

మరి ఆ సరుకు మీద డబ్బు పెట్టిన ఈస్టిండియా కంపెనీ మునిగిందా? మునగలేదు. సరుకును లండన్ గోదాముల్లో దించి, ఇంగ్లండులో అమ్మకుండా వేరే దేశాలకు పంపుకోవచ్చని చట్టమే దానికి దారి వదిలింది. గుడ్డలు ఆఫ్రికా తీరానికి, అమెరికా వలసలకు పోయాయి. కంపెనీ వాటాదారుడికి బెంగ పుడితే లండన్ కాఫీ దుకాణంలో కూర్చుని వాటా అమ్ముకోవచ్చు. ఇక్కడి అద్దకం పనివాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది? అతని ఎరుపు రంగు మన తీరపు నేలలో పెరిగే చిరివేరులోంచి వచ్చేది. ఆ వేరునూ, ఆ నీళ్లనూ, తాతలనాటి ఆ చేతిపనినీ మూటగట్టుకుని ఇంకో దేశం పోలేడు.

ప్రపంచీకరణకూ జాతీయవాదానికీ మధ్య పెనుగులాట మదుపరులను ఎలా తాకుతుందన్నది ఈనాటి ప్రసంగ విషయం. దీని మీద జరిగే చర్చ చాలావరకు సెన్సెక్స్ దగ్గర మొదలై సెన్సెక్స్ దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందనిపిస్తుంది. రాజ్యం మనసు మార్చుకున్ననాడు, మనం పెట్టిన డబ్బుకు కాళ్లున్నాయా? లేచి ఇంకో చోటికి పోగలదా? పోగలిగితే అది ఒక నష్టం. రాసుకుని, మరిచిపోవచ్చు. పోలేకపోతే అది అప్పుగా మారి ఇంటి గడపలో కూర్చుంటుంది.

మన కళ్లముందే జరిగిన సంగతి చూడండి. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దాదాపు అన్ని దేశాల సరుకుల మీద కొత్త సుంకాలు ప్రకటించారు. మనకు 26 శాతమన్నారు. వారం తిరిగేసరికి 90 రోజుల వాయిదా అన్నారు. ఆగస్టు 7న 25 శాతం అమల్లోకి వచ్చింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 కలిపారు. మన రొయ్యల సంగతే తీసుకుంటే, వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీలకు విరుగుడుగా వేసే ఇంకో సుంకం అప్పటికే ఉన్నాయి. అన్నీ కలిపితే 58 శాతం దాకా తేలింది. మనకు గట్టి పోటీదారు ఈక్వడార్. ఆ దేశానికి అప్పట్లో వేసిన కొత్త సుంకం 15 శాతమే.

ఏప్రిల్ ప్రకటన తర్వాత వచ్చిన సోమవారం, 7వ తేదీన, సెన్సెక్స్ 2,200 పాయింట్లకు పైగా పడింది. రొయ్యల మేత కంపెనీలు, ఎగుమతి కంపెనీల షేర్లు కూడా దెబ్బతిన్నాయి. హైదరాబాద్‌లో ఆ షేర్లున్న మనిషికి భయం వేస్తే ఫోన్ తీసి అమ్మేసుకోవచ్చు. నష్టమే, కాదనను. కానీ ఆ పూటకు లెక్క తేలిపోతుంది. మర్నాటినుంచి అతను బంగారం వైపో, బ్యాంకు డిపాజిట్ వైపో చూసుకోవచ్చు.

అదే రొయ్య మీద డబ్బు పెట్టిన మనిషి ఇంకొకడున్నాడు. భీమవరం దగ్గరో కైకలూరు దగ్గరో చెరువు లీజుకు తీసుకున్న రైతు. అతన్ని మదుపరి అని ఎవరూ పిలవరు. టీవీ చర్చల్లో అతనికి కుర్చీ వేయరు. కానీ లీజు ముందే కట్టాడు, వనామి సీడ్ వేశాడు, మేత డీలరు దగ్గర ఖాతా పెట్టాడు, ఏరియేటర్లకు కరెంటు బిల్లు, కరెంటు పోతే జనరేటరుకు డీజిలు. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. పంట మూడు నాలుగు నెలలు. సుంకం వార్త వచ్చేనాటికి చెరువులో రొయ్య 60, 70 కౌంట్‌లో ఉందనుకోండి, అంటే కిలోకు అన్ని తూగుతాయన్నమాట. అమెరికా ఇష్టపడేది పెద్ద రొయ్య. ఇంకొన్నాళ్లు మేపితే 40కి, 30కి వస్తుంది. మేపుదామంటే రోజూ మేత ఖర్చు, పైగా తెగులు భయం. ఇప్పుడే పట్టేద్దామంటే చిన్న కౌంట్‌కు చిన్న ధర. ధర వచ్చేదాకా కొట్టులో పోసి ఉంచడానికి అవి వడ్లు కావు.

సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునే వ్యాపారి కదా, మన రైతుకేమిటి అని కొందరు అమాయకంగా అడుగుతారు. ఆ వ్యాపారి తన మీద పడ్డ భారంలో కొంత అక్కడి కొనుగోలుదారు మీద వేస్తాడు, మిగతాది తగ్గించి పంపమని మన ఎగుమతిదారును అడుగుతాడు. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు ఖర్చులు చూపించి ఏజెంటుకు ధర తగ్గిస్తాడు. ఏజెంటు చెరువు గట్టు మీదికి వచ్చి రైతుకు తగ్గిస్తాడు. రైతు ఎవరికి తగ్గించగలడు? మేత కంపెనీకా, కరెంటు ఆఫీసుకా, రొయ్యకా? ఆ ఏప్రిల్‌లో సుంకం ఇంకా అమల్లోకి రాకముందే గట్టు మీద ధర పడింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. వాయిదా ప్రకటించినప్పుడు ధర పడినంత వేగంగా లేవలేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇదేమంత చిన్న వ్యాపారం కాదు. 2024-25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో రొయ్యదే పెద్ద వాటా, కొనేవాళ్లలో అమెరికాదే మొదటి స్థానం, పండించేవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒకే పంట, ఒకే పెద్ద గిరాకీదారు. తప్పంతా ట్రంప్‌దే అనడం సులువు. ఇంత సరుకును ఒకే గుమ్మం ముందు దించే అలవాటు మనకు మనం చేసుకున్నదే. ఆ దెబ్బ తర్వాతనే ఎగుమతిదారులు యూరప్ వైపు, చైనా వైపు, వియత్నాం వైపు గట్టిగా చూడటం మొదలుపెట్టారు.

ఒకప్పుడు ఇలాంటి తగాదా వస్తే తలుపు తట్టడానికి ఒక చోటుండేది. సముద్రపు తాబేళ్లను కాపాడే వలలు వాడటం లేదంటూ అమెరికా మన రొయ్యలను ఆపినప్పుడు, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో తీర్పు మన వైపే వచ్చింది. రొయ్యల దిగుమతిదారుల దగ్గర అమెరికా కస్టమ్స్ అదనపు బాండ్లు కట్టించుకోవడం మీద 2008లో ఇచ్చిన తీర్పూ ప్రధానంగా మనకు అనుకూలమే. రైతుకు ఈ కేసుల పేర్లు కూడా తెలియవు, కానీ అవి అతని కోసం కొట్లాడినవే. ఆ సంస్థలో అప్పీళ్లు వినే విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడంతో చాలినంతమంది లేకుండా పోయారు. కింద గెలిచినా, ఓడినవాడు అప్పీలు వేస్తే కేసు గాలిలో వేలాడుతుంది.

పెద్ద కంపెనీకి ఇలాంటి కష్టం వస్తే ఏమవుతుందో కూడా చూద్దాం, అదీ మన ప్రభుత్వం చేతుల్లోనే. 2007లో బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్ మన దేశంలోని హచ్ టెలిఫోన్ వ్యాపారాన్ని సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది. చేతులు మారింది కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ వాటా. ఆస్తి ఇక్కడుంది కాబట్టి పన్ను ఇక్కడ కట్టాలని మన ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ పక్షాన తీర్పు చెప్పింది. రెండు నెలలు తిరగకుండా, ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్‌లో చట్టాన్ని 1962 నుంచే వర్తించేలా సవరించారు. ఆట అయిపోయాక నియమం మార్చారన్నమాట. దేశంలో పుట్టిన లాభానికి దేశంలో పన్ను కట్టాలన్న వాదంలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. వెనక్కి వెళ్లి కట్టమనడంలో న్యాయం లేదు.

వొడాఫోన్ నెదర్లాండ్స్‌తో మనకున్న పెట్టుబడుల రక్షణ ఒప్పందాన్ని పట్టుకుని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి 2020లో గెలిచింది. రాజస్థాన్‌లో చమురు తీసిన కెయిర్న్ కంపెనీ కూడా అలాంటి పన్ను తగాదాలోనే అదే ఏడాది డిసెంబరులో గెలిచింది. సుమారు 120 కోట్ల డాలర్లు ఇవ్వమన్నారు. మనవాళ్లు జాప్యం చేసేసరికి, 2021లో ఆ కంపెనీ ఫ్రాన్స్ కోర్టుకు వెళ్లి పారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులను జప్తు చేయిస్తూ ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ ఏడాది ఆగస్టులోనే పార్లమెంటు వెనుకటి తేదీ పన్నును ఎత్తేసింది. డబ్బు తిరిగిచ్చారు.

ఇంకో పక్క మన ప్రభుత్వం అలాంటి రక్షణ ఒప్పందాలను యాభైకి పైగా దేశాలతో రద్దు చేసుకోవడం మొదలుపెట్టింది. 2015 చివర్లో ఆమోదించిన కొత్త నమూనా ప్రకారం విదేశీ మదుపరి ముందు అయిదేళ్లు మన కోర్టుల్లోనే తేల్చుకోవాలి. మనవాళ్ల కేసులే ఏళ్లూ పూళ్లూ పట్టే కోర్టుల్లో అయిదేళ్లంటే ఏమిటో శ్రోతలకు చెప్పనక్కర్లేదు.   

జాతీయవాదం ఎప్పుడూ మదుపరికి శత్రువే అన్న మాట కూడా నిజం కాదు. మన మధ్యతరగతి షేర్ల రుచి చూసిందే ఒక జాతీయవాద చట్టం పుణ్యాన. 1973లో ఇందిరాగాంధీ ప్రభుత్వం తెచ్చిన ఫెరా చట్టం, కొన్ని ప్రత్యేక రంగాలు తప్ప మిగతా విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలంది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ దాన్ని గట్టిగా పట్టుకున్నారు. కోకాకోలా తన రహస్య ఫార్ములా వదులుకోలేనని వెళ్లిపోయింది. ఐబీఎం కూడా వెళ్లిపోయింది. అందరికీ గుర్తున్నది ఈ కథే. ప్రభుత్వ కంపెనీ మోడరన్ ఫుడ్స్ 'డబుల్ సెవెన్' అనే పానీయం తెచ్చి కోకాకోలా లోటు తీర్చబోయింది. తాగినవాళ్లు దాన్ని తలచుకోవడం నేను పెద్దగా వినలేదు.

ఎక్కువమంది మరిచిపోయింది ఉండిపోయిన కంపెనీల కథ. కోల్గేట్, ఇంకా ఎన్నో విదేశీ కంపెనీలు తమ వాటాలు మన జనానికి అమ్మాయి. ఎంతకు అమ్మాలో కంపెనీ ఇష్టం కాదు. ఢిల్లీలో మూలధన జారీల కంట్రోలరు నిర్ణయించిన ధరకే అమ్మాలి, ఆ ధర చాలా తక్కువగా ఉండేది. జీతం రాళ్లలో కొంత మిగుల్చుకుని దరఖాస్తు పెట్టిన గుమాస్తాకు, మాస్టారికి వంద షేర్లు వచ్చాయంటే ఆ తర్వాత బోనసుల మీద బోనసులు వచ్చి పిల్లల పెళ్లిళ్లకు పనికొచ్చాయి. ఆ రోజుల్లో దేశభక్తి డివిడెండు ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు.

తర్వాత 1991 వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. విదేశీ మాతృసంస్థలు తమ వాటాను మళ్లీ 51 శాతానికి పెంచుకోవచ్చన్నారు. చాలా కంపెనీలు తమకు తామే, మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకు, కొత్త షేర్లు రాసిచ్చుకున్నాయి. చిన్న వాటాదారు చూస్తూ ఉండిపోయాడు. 1994లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు వచ్చాకగానీ ఆ వరస ఆగలేదు. గోడ కట్టినప్పుడు వచ్చినదాంట్లో కొంత గోడ పడగొట్టినప్పుడు పోయింది. ఏ జెండా ఎగిరినా చిన్న మదుపరికి కావలసింది ధర విషయంలో నియమం, ఆ నియమాన్ని అమలు చేసే కాపలా. అవి లేనిచోట జాతీయవాదమైనా ప్రపంచీకరణైనా అతనికి ఒరిగేది అదృష్టాన్నిబట్టే.

గోడలు పెట్టుబడిని తరిమేయడమే కాదు, రప్పిస్తాయి కూడా. విదేశంలో తయారైన కారును తెచ్చుకుంటే సుంకం మోతెక్కిపోతుంది కాబట్టే కొరియా కంపెనీ కియా అనంతపురం ప్రాంతంలో పెనుకొండ దగ్గర సుమారు 110 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెట్టింది. అదే గోడ ఇంకొకరికి తలుపు వేస్తుంది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ దెబ్బకు షేర్లు చవకైన సమయంలో, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. చైనా కేంద్ర బ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీలో తన వాటాను ఒక శాతం దాటించిందన్న వార్త వచ్చిన రోజులవి. రెండు నెలలకే గల్వాన్ లోయలో ఘర్షణ జరిగి, సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది సైనికులు అమరులయ్యారు. ఆ తర్వాత అనుమతులు మరింత బిగిశాయి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి చైనా కంపెనీ బీవైడీ వంద కోట్ల డాలర్లతో విద్యుత్ కార్ల ఫ్యాక్టరీ పెడతామన్న ప్రతిపాదనను 2023లో కేంద్రం తోసిపుచ్చిందని పత్రికలు రాశాయి. సైనికులు ప్రాణాలిచ్చిన సరిహద్దును పక్కన పెట్టి లాభనష్టాలు మాత్రమే లెక్కేయమని ఏ ప్రభుత్వాన్నీ అడగలేం. ఆ నిర్ణయానికి ఖరీదు ఉందని మాత్రం తెలిసి ఉండాలి.

ఇక మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా సిప్ కట్టే శ్రోతల సంగతి. 2025 మార్చి చివరికి మన షేర్ మార్కెట్‌లో దేశీయ సంస్థల వాటా, మ్యూచువల్ ఫండ్లూ బీమా కంపెనీలూ అన్నీ కలిపి, విదేశీ సంస్థల వాటాను దాటింది. విదేశీయులు అమ్మి పోతుంటే మార్కెట్ కుప్పకూలకుండా నిలబెడుతున్నది మీ నెలసరి వాయిదాలే. బలమే, సందేహం లేదు. అయితే అంతా ఒకే దేశం మీద పెట్టకుండా కొంత బయట పెడదామనుకున్నవాళ్లకు 2022 ఫిబ్రవరిలో ఒక పాఠం దొరికింది. మన మ్యూచువల్ ఫండ్లు విదేశీ షేర్లలో పెట్టగలిగేది అన్నీ కలిపి 700 కోట్ల డాలర్ల దాకానే. ఆ హద్దు దగ్గరపడేసరికి కొత్త డబ్బు తీసుకోవద్దని సెబీ చెప్పింది. సిప్‌లు నడుస్తుండగానే ఆగిపోయాయి. బయటి దేశాలే కాదు, సొంత దేశం కూడా డబ్బు కాళ్లకు తాడు కట్టగలదు. బయటి దేశంలో ఆ తాడు ఎలా పడుతుందో ఆ మరుసటి నెల రష్యాలో జరిగింది చూస్తే అర్థమవుతుంది. యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యా షేర్లను, అంతర్జాతీయ షేర్ సూచీలు తయారుచేసే ఎమ్‌ఎస్‌సీఐ సంస్థ తన సూచీల్లోంచి దాదాపు సున్నా ధరకు తీసేసింది. అక్కడ మన చమురు కంపెనీలకు రావలసిన డివిడెండ్లు అక్కడి బ్యాంకుల్లోనే చిక్కుకున్నాయి. రష్యాను స్నేహదేశమని పిలుచుకున్న మనకే ఇలా అయింది.

చివరిగా, తెలుగు ఇళ్లలో అన్నిటికన్నా పెద్ద మదుపు గురించి. పిల్లల అమెరికా చదువు. 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆ ఏడు చైనాను దాటి మనమే మొదటి స్థానంలో నిలిచాం. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమంది ఉంటారో ఏ ఊరి రచ్చబండ దగ్గర అడిగినా చెబుతారు. అప్పు రూపాయల్లో, సంపాదన డాలర్లలో, మూడేళ్లలో తీరిపోతుందన్న లెక్క మీద పొలం కాగితాలు బ్యాంకుకు వెళతాయి. ఆ లెక్క అంతా ఒక ఉద్యోగ వీసా మీద నిలబడింది. ఏటా కంపెనీలకు దొరికే కొత్త హెచ్-1బి వీసాలు 85,000, అవీ లాటరీలో. 2025 సెప్టెంబరు 19న, అమెరికా బయట ఉన్నవారి కోసం కంపెనీలు వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఆనాటి లెక్కన 88 లక్షల రూపాయలు. అక్కడే చదువుతున్న పిల్లలకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. కానీ ఆ మధ్యలో గడిచిన వారాల్లో ఎన్ని ఇళ్లలో ముద్ద దిగలేదో ఊహించుకోవచ్చు.

చదువుకు పంపవద్దని నేను అనడం లేదు. పంపే తల్లిదండ్రులకు ఒక్కటే విన్నపం. అప్పు వాయిదాను డాలర్ జీతంతో లెక్కేయకండి. ఆ పిల్లో పిల్లాడో తిరిగివచ్చి హైదరాబాద్‌లోనో విశాఖలోనో మొదటి ఉద్యోగంలో చేరితే వచ్చే జీతంతో లెక్కేయండి. దాంతో వాయిదా కట్టగలిగితే నిశ్చింతగా పంపండి. కట్టలేకపోతే తక్కువ ఫీజున్న కాలేజీ చూడండి, స్కాలర్‌షిప్ చూడండి, ఒక ఏడాది ఆగండి. ఉన్న చివరి ఎకరాన్ని మాత్రం ఇంకో దేశపు ఎన్నికల మీద పందెం కాయకండి.